చిన్నీ, డిలీట్ కొట్టే ముందు ఇది చదువు

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది, నీ లాప్‌టాప్ నిండిపోయిందంట, షాపుకి తీసుకెళ్ళకుండా ఆదివారం నువ్వే కూర్చుని అంతా ఖాళీ చేసేస్తానన్నావంట. బరంపురం హాస్టల్లో ఉండి ఒక్కర్తివీ ఈ పని పెట్టుకున్నావంటే మావయ్యకి గర్వంగానే ఉంది గానీ, "అంతా ఖాళీ" అన్న మాట విన్నాక నిద్ర పట్టలేదమ్మా.

ముందు ఎంత ఉందో చూడు. దిస్ పీసీ తెరిస్తే సీ డ్రైవ్ కింద గీత కనపడుతుంది, ఎర్రగా ఉంటే నిండిపోవచ్చిందని. 256 జీబీ అని కొంటే 238 చూపిస్తోందని మీ అమ్మ నన్ను తిట్టింది, కంపెనీవాళ్ళు వెయ్యి చొప్పున లెక్కేస్తారు, విండోస్ 1024 చొప్పున, అంతే, మధ్యలో ఎవడూ తినలేదని చెప్పు. తర్వాత సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్. కాసేపు ఆగితే ఏది ఎంత తింటోందో అదే చెప్తుంది. చాలకపోతే విజ్‌ట్రీ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది, అది వేసుకో, పెద్ద ఫోల్డర్లన్నీ పైకొచ్చేస్తాయి. టెంపరరీ ఫైల్స్ తీసెయ్యి, కానీ ఆ లిస్టులోనే డౌన్‌లోడ్స్ అని కూడా ఉంటుంది, దానికి టిక్ పెట్టావో చూడు, నీ హాల్‌టికెట్లూ ఫీజు రసీదులూ అందులోనే పడుంటాయి, నాకు తెలీదా నీ సంగతి. విండోస్ ఫోల్డర్ ఎంత పెద్దగా కనపడినా ముట్టుకోకు. వన్‌డ్రైవ్‌లో ఉన్నది లాప్‌టాప్‌లో డిలీట్ చేస్తే ఇంటర్నెట్‌లో దాచిందీ పోతుంది, అది గుర్తుపెట్టుకో.

ఇప్పుడు అసలు మాట.

2011లో పర్లాకిమిడిలో నా డీటీపీ షాపు బాగా నడిచే రోజులు. గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊరు కదా, మా తెలుగు మాష్టార్లకి మాటలు పోగేసే పిచ్చి ఎక్కువ. రిటైరైన మాష్టారొకాయన రోజూ సాయంత్రం వచ్చి పక్కన కూర్చుని, మహేంద్రతనయ ఒడ్డు పల్లెల్లో విన్న కథలూ సామెతలూ చెప్తుంటే నేను అను ఫాంట్‌లో కొట్టేవాణ్ణి. నాలుగు నెలలు. సగం కాయితం మీద ఉండేవి, సగం ఆయన నోట్లోనే.

పెళ్ళిళ్ళ సీజన్ వచ్చింది, డీ డ్రైవ్ నిండిపోయింది, కార్డుల డిజైన్లకి చోటు లేదు. డీలో మాష్టారి ఫోల్డర్ కనపడింది. డెస్క్‌టాప్ మీదా అదే పేరుతో ఇంకోటుంది, ఓహో ఇది కాపీ కదా అనుకుని డీలోది షిఫ్ట్ డిలీట్ కొట్టేశాను. రీసైకిల్ బిన్‌లోకి కూడా వెళ్ళదు అలా కొడితే. డెస్క్‌టాప్ మీదున్నది షార్ట్‌కట్ అమ్మా. మూలన చిన్న బాణం గుర్తు, నా కళ్ళకి ఆనలేదు. సైజు చూసుంటే ఒకటో రెండో కేబీ, తెలిసిపోయేది, చూడలేదు.

దానికంటే పెద్ద తప్పు ఆ తర్వాత చేశాను. కంగారులో రికవరీ సాఫ్ట్‌వేర్ తెచ్చి, పోయిన ఆ డీ డ్రైవ్‌లోనే ఇన్‌స్టాల్ చేశాను. డిలీటైనవి మీద ఇంకోటి పడేదాకా డిస్కులో అలాగే ఉంటాయి, నేనే తెచ్చి మీద పడేశాను. నీ లాప్‌టాప్‌లో ఉన్నది ఎస్ఎస్‌డీ, తిరిగే పళ్ళెం లేని చిప్పుల డిస్కు, అందులో ఆ కాస్త ఆశ కూడా ఉండదు, డిలీటైన చోటుని అదే తుడిచేసుకుంటుంది.

మాష్టారికి చెప్పడానికి మూడు రోజులు పట్టింది. ఆయన తిట్టుంటే బాగుండేది. "పోనీలే బాబూ, మళ్ళీ చెప్తాను" అన్నాడు, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు కూడా, కానీ రెండోసారి అవే కథలు పొట్టిగా వచ్చాయి, కొన్ని అసలు రాలేదు. నలభై పేజీల దగ్గర ఆగిపోయాం.

అందుకే చెప్తున్నాను, ప్రతి దాని మీదా రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌లో సైజు చూడు, బాణం ఉందేమో చూడు, షిఫ్ట్ మీద వేలు పెట్టకు. కోప్పడుతున్నాననుకోకు తల్లీ. తిన్నాకే కూర్చో, ఆకలి మీద ఈ పని చెయ్యకు.

ఎదురింటి అబ్బాయి శనివారం బరంపురం వస్తున్నాడు, అరిసెలతో పాటు నా బయటి హార్డ్‌డిస్క్ పంపిస్తున్నాను. ప్రాజెక్టూ ఫోటోలూ ముందు అందులోకి కాపీ చేసి, లాప్‌టాప్‌లోంచి కాదు, ఆ డిస్కులోంచే తెరిచి చూసుకో, తర్వాతే డిలీట్. అందులో "మాష్టారు" అని ఒక ఫోల్డర్ ఉంటుంది. చోటు చాలకపోయినా దాన్ని కదపకు.

మావయ్య