కనుమ రాత్రి వీధిలో పాత సినిమా వేయొచ్చా?

బొబ్బిలి నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు అడిగారు: "అబ్బాయి 55 అంగుళాల టీవీ కొనిచ్చాడు. మనవడు ఏదో సైట్ నుంచి పాత సినిమాలు హెచ్‌డీలో దింపి పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాడు. 'గుండమ్మ కథ' ఇంత స్పష్టంగా ఎప్పుడూ చూడలేదు. కనుమ రాత్రి వీధిలో తెర కట్టి, కుర్చీల ఖర్చుకి మనిషికి 20 రూపాయలు తీసుకుని వేద్దామనుకుంటున్నాం. 60 ఏళ్లు దాటితే కాపీరైట్ ఉండదట కదా?"

మాస్టారూ, అది సగమే నిజం.

కాపీరైట్ చట్టం 26వ సెక్షన్ ప్రకారం సినిమా విడుదలైన మరుసటి జనవరి నుంచి 60 ఏళ్లు లెక్క. 'గుండమ్మ కథ' 1962లో వచ్చింది, కాబట్టి సినిమాగా దాని హక్కు 2022 డిసెంబరుతో ముగిసింది. పాటల లెక్క వేరు. రాసినవారు పోయాక 60 ఏళ్లు హక్కు నడుస్తుంది, ఈ సినిమా పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు గారు 1971లో పోయారు, అంటే ఆ సాహిత్యానికి 2031 చివరి దాకా హక్కుదారులుంటారు.

ఇక హెచ్‌డీ సంగతి. పాత ప్రింటుని హెచ్‌డీగా మారిస్తే దానికి కొత్త కాపీరైట్ పుడుతుందా అన్నది ప్రశ్న. శ్రమపడితే చాలదు, కొంతైనా సృజన ఉంటేనే కొత్త కాపీరైట్ అని 2007లో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గీతలు తుడిచి శుభ్రం చేసిన ప్రింటు అయితే మీ తరఫున గట్టిగా వాదించొచ్చు, కానీ రంగులద్ది, సౌండ్ కొత్తగా కట్టిన ప్రింటు అయితే ఆ వాదన నిలబడడం కష్టం, పండగపూట ఆ తలనొప్పి మీకెందుకు?

ఇంట్లో సొంతంగా చూసుకోవడానికి 52వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. డిస్క్ కొనుక్కోండి, లేదా హక్కున్న ఓటీటీలో పెట్టుకుని మనవలతో హాయిగా చూడండి, ఏ టెన్షనూ లేదు. పైరసీ సైట్ నుంచి దింపుకున్న కాపీకి ఆ మినహాయింపు కాపాడుతుందని మాత్రం నేను భరోసా ఇవ్వను. తెలిసి చేసిన ఉల్లంఘనకి 63వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. లాభం కోసం చేయకపోతే కోర్టు కారణం రాసి శిక్ష తగ్గించొచ్చు, అందుకే ఆ 20 రూపాయలు చిన్న విషయం కాదు. అలాగని ఉచితంగా వేసినా నలుగురికీ చూపించినట్టే, అప్పుడూ అనుమతి కావాలి.

అంతగా వేయాలనుకుంటే ముందు హక్కుదారుల దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. మన రాష్ట్ర సినిమాల నియంత్రణ చట్టం లైసెన్సు లేని చోట ప్రదర్శన ఒప్పుకోదు గనక తహసీల్దారు ఆఫీసులోనూ, మైకు కోసం పోలీస్ స్టేషన్‌లోనూ పండగకి బాగా ముందే అడగండి. రాత్రి 10 దాటితే మైకు ఆపాలి. ఆ పెన్‌డ్రైవ్ ఈరోజే ఖాళీ చేయించండి, వీధిలో ఎవరడిగినా కాపీ ఇవ్వకండి.