పరకాల పిలగాడు ఆ మాట అనడు

తమ్మీ,

నీ కథ చదివిన. పరకాల పిలగాడు ఫౌజుల చేరి లద్దాఖ్‌ల ఉన్న లేహ్‌కు పోతడు, జూన్ నెలల తల్లికి ఫోన్ చేస్తడు. "ఆడ చెర్లు నిండినయా బిడ్డా?" అని తల్లి అడిగిన కాడ నా కండ్లు తడిసినయ్. దానికి వాడు "హిమద్రవ ప్రవాహం మొదలైందమ్మా" అంటడు! కాయితాలు పక్కకు పెట్టేసిన. ఏ కొడుకు కన్నతల్లితోని అట్ల మాట్లాడుతడు?

మంచు కరిగి పారే నీళ్లకు మన ఊళ్లల్ల విడిగ పేరు లేదు. మన గోదారి త్రయంబకం కాడ పుట్టి వానలతోనే నిండుతది. మంచు అంటే మనకు చలికాలం పొద్దుగాల వరి కొసల మీద నిలిచేదే. పేరు లేకుంటే నిఘంటువుల వెతకాల్నా? వాని నోట్లె చిన్న వాగుకు ఒర్రె అన్న మాట ఉండనే ఉన్నది. "మంచు కరిగి ఒర్రె వస్తున్నదమ్మా" అంటే ఆమెకు సమజైతది.

అటెన్క ఆ నీళ్లను చూపెట్టు. మన ఒర్రె వానకు వస్తది. లేహ్‌ల ఏడాదికి పడే వాన 100 మిల్లీమీటర్ల చుట్టే, ఆడ ఒర్రె ఎండకు వస్తది. పొద్దుగాల సన్నగ పారుతది, ఎండ ఎక్కినకొద్ది పెరుగుతది. గడ్డకట్టిన మంచు కొండను రాసుకుంట జారితే రాలిన రాతిపిండి కలిసి బూడిదరంగుల ఉంటది. పొద్దుగాల దాటిన కాడ మాపటికి దాటరాదు. నీ జవాను గస్తీకి పొయ్యి అవతలి ఒడ్డున చిక్కితే కథ దానంతట అదే నడుస్తది. లద్దాఖ్ ఊళ్లల్ల ఆ నీళ్లు పంచేటోన్ని చుర్పోన్ అంటరు, అచ్చం మన నీరటే. రాత్రి వచ్చే నీళ్లు ఆపుకునే కుంటను జింగ్ అంటరు. నీ జవానును నీరటి కొడుకును చేసి చూడు, ఆ ఊరు వానికి పరాయిది కాదు.

నా తొలి కథల "మత్తడి దుంకింది" అని రాస్తే ఒక వారపత్రిక ఎడిటర్ "చెరువు పొంగి పొర్లింది" అని దిద్దిండు. చెరువు నిండి మిగిలిన నీళ్లు పొయ్యేటందుకు కట్టిన మత్తడి దుంకితే ఊరంత కట్టమైసమ్మకు యాటను కోస్తది. చెరువు పొర్లితే కట్ట తెగుతదని గుండెలు బాదుకుంటది. మా ఊరి పండుగను ఆపద చేసి అచ్చేసిండు. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు. అసొంటోళ్లతోని కొట్లాడి కొట్లాడి మా మాటలు అచ్చుల నిలబెట్టుకున్నం. ఇప్పుడు ఎవలూ దిద్దకముందే మీరే దిద్దుకుంటున్నరు, అది నాకు ఇంకా బాధ.

నువ్వు అడిగిన కలం పేరు, పోటీలు అన్నీ తర్వాత. హన్మకొండల ఫౌజు చేసి వచ్చినోళ్లు మస్తుమంది ఉన్నరు. ఒకల కాడ కూసొని, ఆ నీళ్లల్ల కాలు పెడితే ఎట్లుంటదో అడుగు. వాళ్లు ఏ మాట అంటె ఆ మాటే రాసుకో.