పాత కారుకి కొత్త స్టీరియో పెడుతున్నాను, పాత స్పీకర్ వైర్లే వాడొచ్చా?

ముప్పై ఏళ్ళు దాటిన కారులో కొత్త స్టీరియో పెట్టుకుంటున్నాను, స్పీకర్ వైర్లు పాతవే ఉంచేయాలా, మళ్ళీ లాగాలా అని అడిగారు. మళ్ళీ లాగండి. జవాబు ఇంతే. కానీ "పాత సెట్ ఇన్నాళ్ళూ పాడింది కదా, వైర్లు బాగానే ఉన్నట్టే కదా" అని మీరు అంటారని నాకు తెలుసు, ఎందుకంటే నేనూ సరిగ్గా ఆ మాటే అన్నాను, ఆ మాట వల్ల మూడు వారాలు పోయాయి.

మా నాన్నగారి 1989 నాటి కారు నా చేతికొచ్చేసరికి అందులో ఉన్న క్యాసెట్ ప్లేయర్ క్యాసెట్‌ని లోపలికి తీసుకునేది, బయటికి మాత్రం ఇచ్చేది కాదు. బ్లూటూత్ ఉన్న మామూలు స్టీరియో కొన్నాను. సింగిల్ డిన్ అనే కారు స్టీరియోల ప్రామాణిక సైజు 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 ఎత్తు, అప్పటికీ ఇప్పటికీ అదే కాబట్టి పాతది తీసిన ఖాళీలో కొత్తది చక్కగా కూర్చుంది. కొత్త స్టీరియో వైర్లలో పసుపు నేరుగా బ్యాటరీకి, ఎరుపు తాళం తిప్పితే కరెంటు వచ్చే వైరుకి, నలుపు ఎర్త్‌కి, అంటే కారు బాడీకి. తెలుపు, బూడిద ముందు స్పీకర్లు, ఆకుపచ్చ, ఊదా వెనకవి, నల్లగీత ఉన్నది మైనస్. గంటలో పాట వచ్చింది. ఆ సాయంత్రం ఊరికే కారులో కూర్చుని వాల్యూమ్ పెంచుతూ తగ్గిస్తూ గడిపాను.

మర్నాడు ఇంటిల్లిపాదీ ఎక్కాం. బయల్దేరగానే పాట ఆగిపోయి స్క్రీన్ మీద ప్రొటెక్ట్ అని వచ్చింది. ఇంటికొచ్చి చూస్తే బాగానే పాడుతోంది. తర్వాత నాలుగు రోజులు ఒక్కడినే తిరిగాను, ఏ ఇబ్బందీ లేదు. ఆదివారం మళ్ళీ అందరం ఎక్కాం, మళ్ళీ ప్రొటెక్ట్. స్టీరియోలోనే లోపమని షాపుకి వెళ్ళి గొడవపడి మార్పించుకున్నాను, కొత్తదీ అదే వేషం. చివరికి మా అబ్బాయి కనిపెట్టాడు: "నాన్నా, చిన్నమ్మమ్మ ఎక్కితేనే పాట ఆగిపోతోంది."

నవ్వుకున్నాం కానీ వాడన్నది నిజం. మా పిన్ని ఎప్పుడూ వెనక ఎడమవైపే కూర్చుంటుంది. స్టీరియో వెనక కప్లర్, అంటే వైర్లన్నీ కలిపి గుచ్చే ప్లగ్గు, ఊడదీసి, మల్టీమీటర్‌ని రెండు మొనలూ కలిస్తే బీప్ కొట్టే చోట పెట్టి, ఒక మొన వెనక ఎడమ స్పీకర్ మైనస్ వైరుకి, రెండోది కారు బాడీ ఇనుముకి ఆనించాను. చప్పుడు లేదు. పిన్నిని కూర్చోమన్నాను. కీ అని మోగింది. లేవమన్నాను, ఆగింది. మళ్ళీ కూర్చోమన్నాను, మళ్ళీ మోగింది. "ఏంట్రా, నన్ను తూకమేస్తున్నావా?" అని పిన్ని దిగిపోయింది.

సీటు ఎత్తితే కనపడింది. సీటు అడుగున ఉండే ఇనుప చట్రం అంచు సరిగ్గా స్పీకర్ వైరు మీదికి దిగుతోంది. వైరు తొడుగు గోరుతో గీస్తే పెంకులు పెంకులుగా రాలిపోతోంది. లోపలి రాగి అంతా నల్లబడి, అక్కడక్కడా పచ్చగా చిలుం పట్టి ఉంది, చట్రం రాసుకున్న చోట మాత్రం గోరంత మేర తళతళలాడుతోంది. ఎన్నేళ్ళ నుంచి అలా ఉందో.

మరి పాత సెట్ ఎలా పాడింది? ఇది తెలిస్తే మీ ప్రశ్నకి అసలు జవాబు తెలిసినట్టే. మా క్యాసెట్ ప్లేయర్‌లో, ఆ కాలం సెట్లు చాలా వాటిలో, స్పీకర్ మైనస్ అంటే కారు బాడీయే. ఆ వైరు బాడీకి తగిలితే మైనస్ పోయి మైనస్‌కే తగిలినట్టు, దానికేమీ కాదు. ఇప్పటి స్టీరియోలలో స్పీకర్‌కి వెళ్ళే రెండు వైర్లలోనూ కరెంటు ఉంటుంది, ఒకటి పైకి నెడితే రెండోది కిందికి లాగుతుంది. అందులో ఏ ఒక్కటి బాడీకి తగిలినా షార్టే. లోపల రక్షణ ఉంది కాబట్టి నా సెట్ నోరు మూసుకుంది, లేకపోతే ఆంప్లిఫయర్ చిప్ కాలిపోయేది. పాత సెట్ పాడినంత మాత్రాన వైర్లు బాగున్నట్టు కాదు, వాటి తప్పు బయటపడే అవసరం ఇన్నాళ్ళూ రాలేదంతే. కొన్ని పాత కార్లలో అయితే స్పీకర్ మైనస్‌లన్నీ కలిపి ఒకే స్క్రూతో బాడీకి బిగించేసి ఉంటాయి, అలాంటి వైరింగ్‌కి కొత్త స్టీరియో అసలు కలపనే కూడదు.

ఆ రోజే సీట్లు తీసి నాలుగు స్పీకర్లకీ విడివిడిగా జంట వైర్లు లాగాను. 18 గేజ్ మందం చాలు. బొటనవేలంత వైర్లు అమ్మజూపే వాళ్ళని పట్టించుకోకండి. డబ్బా మీద 50 వాట్లు ఇంటూ 4 అని ఉంటుంది కదా, అది శుద్ధ అబద్ధం. వెనక ఫ్యూజు చూడండి, నా దానికి 10 ఆంపియర్లది ఉంది. ఇంజిన్ నడుస్తుండగా 14.4 వోల్టులనుకున్నా మొత్తం 144 వాట్లు, అందులోంచి 200 వాట్ల పాట ఎక్కణ్ణుంచి వస్తుంది? 4 ఓమ్‌ల స్పీకర్‌కి ఆ వోల్టేజీతో శుభ్రంగా వెళ్ళేది లెక్క ప్రకారమే 26 వాట్లు దాటదు, నిజానికి ఇంకా తక్కువ. ఈ అంకెలు వేసేవాళ్ళకి సిగ్గుండాలి.

వెనకవి సులువు. ముందు తలుపులే తల ప్రాణం తోకకి తెస్తాయి. తలుపుకీ బాడీకీ మధ్య రబ్బరు గొట్టం ఉంటుంది, తలుపు తీసిన ప్రతిసారీ అందులో వైర్లు మడతపడతాయి, పైకి నిక్షేపంలా కనిపిస్తూనే లోపల రాగి పోగులు తెగిపోతాయి. తలుపు తీస్తే పాట, వేస్తే నిశ్శబ్దం అయితే దోషం అక్కడే. పాత క్లచ్ కేబుల్ లోపలి తీగని ముందు దూర్చి, కొత్త వైరు చివర దానికి టేపుతో కట్టి, సబ్బునీళ్ళు రాసి లాగాను. ఒక్కో తలుపుకీ గంటన్నర పట్టింది, రేకు అంచులకి వేళ్ళు గీరుకుపోయాయి. స్పీకర్ బిగించే ముందు అద్దం పూర్తిగా కిందికి దించి చూడండి, అయస్కాంతం లోతు ఎక్కువైతే అద్దం వచ్చి దానికి కొట్టుకుంటుంది. తలుపు లోపలి ప్లాస్టిక్ షీటు చింపి పారేయకండి. వాననీళ్ళు తలుపు లోపలినుంచే కిందికి దిగుతాయి, ఆ షీటు లేకపోతే కారు లోపలికి వచ్చేస్తాయి.

ప్లస్ మైనస్ ఏదో తెలియకపోతే 1.5 వోల్టుల సెల్ స్పీకర్‌కి ఒక్క క్షణం తాకించండి. స్పీకర్ మధ్యలో కదిలే కోన్ బయటికి ఉబికితే సెల్ ప్లస్ తగిలిన వైపే ప్లస్. నేను ఒకటి తిరగేసి పెట్టాను, పాట వస్తోంది కానీ డోలు దెబ్బ మాయమైంది, ఎందుకో అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది.

ఇక వైర్లు మెలిపెట్టి నల్లటేపు చుట్టే మహానుభావుల గురించి. ఎండకి ఆ టేపు జిగురు కారిపోయి చుట్టు ఊడొస్తుంది. క్రింప్ చేయండి, అంటే లోహపు తొడుగులో పెట్టి ప్లయర్‌తో నొక్కి బిగించండి, లేదా సోల్డర్ చేసి వేడికి ముడుచుకునే గొట్టం తొడగండి. కారుతో వచ్చిన కంపెనీ కప్లర్‌ని మాత్రం కత్తిరించకండి. మీ కారుకి సరిపోయే అడాప్టర్ దొరికితే కొనండి, అది స్టీరియోతో పోలిస్తే దమ్మిడీ ఖర్చు. మా కారుది అంతకుముందే ఎవరో కోసేశారు, ఏ వైరు ఎక్కడికి వెళ్తోందో ఒక్కొక్కటీ మీటర్ పెట్టి వెతుక్కోవాల్సి వచ్చింది. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ ఊడదీయడం మర్చిపోకండి.

అన్నట్టు తలుపు ప్యానెల్ క్లిప్పులు ముందే నాలుగైదు అదనంగా తెచ్చిపెట్టుకోండి, పాత ప్లాస్టిక్ కాబట్టి లాగగానే విరుగుతాయి. నేను తెచ్చుకోలేదు. ఎడమ తలుపు ఇప్పటికీ గతుకుల్లో టకటకమంటుంది, పాట పెట్టుకుంటే వినపడదు.