పిట్ట పేరు రాసేటప్పుడు

తిరుపతి

చిరంజీవి నాయనకు ఆశీస్సులు.

నీ వ్యాసం చదివాను. కపిలతీర్థం దగ్గర పొదల్లో ఆ చిన్న పిట్ట తోక నిక్కబొడుచుకుని తిరగడం, ఎగిరినప్పుడల్లా చిటచిటమనడం కళ్లకు కట్టింది. రెండో పేరాకి వచ్చేసరికి మాత్రం ‘ప్రినియా ప్రజాతి, సిస్టికోలిడే కుటుంబం’ అని రేషన్ కార్డులో వివరాల్లా రాసి వదిలేశావు. ప్రజాతి అంటే దగ్గరి చుట్టాలైన జాతుల గుంపు, కుటుంబం అంటే అలాంటి ప్రజాతుల పెద్ద గుంపు అని కూడా చెప్పలేదు. అసలు కథ అక్కడే ఉంది కదా!

శాస్త్రీయ నామాలు చూసి పాఠకులు పారిపోతారని టెన్షన్ పడకు. ఎవరు పెట్టారో, ఎందుకు మార్చారో చెబితే వాళ్లే చదువుతారు. ప్రినియా ప్రజాతికి 1821లో ఆ పేరు పెట్టింది హార్స్‌ఫీల్డ్ అనే ప్రకృతి శాస్త్రవేత్త, అదీ జావా పిట్టను చూసి. మన బూడిద ప్రినియాకు 1832లో ప్రినియా సోషియాలిస్ అని పేరు పెట్టిన సైక్స్ ఈస్టిండియా కంపెనీ సైన్యంలో అధికారి. అడవి ప్రినియాను 1840లో వర్ణించిన జెర్డన్ మన పక్క నెల్లూరులో డాక్టరుగా పనిచేసినవాడే.

పురుగులు తినే సన్నముక్కు పిట్టల్ని ఒకప్పుడు చాలావరకు సిల్విడే కుటుంబంలోనే వేసేవారు. డీఎన్ఏ పోల్చి చూశాక ఆ గుంపు చెదిరింది. ప్రినియాలూ దర్జీ పిట్టలూ సిస్టికోలిడేలోకి వచ్చాయి.

ఆకులు కుట్టి గూడు కట్టేది దర్జీ పిట్ట ఒక్కటే అన్నావు. కాదు నాయనా. బూడిద ప్రినియా కూడా ఒక్కోసారి ఆకుల్ని నారతో కుట్టి, లోపల గడ్డి పేర్చుకుంటుంది. అయినా రెండూ వేరు వేరు ప్రజాతులు. గూడు చూసి ప్రజాతి తేల్చేయకు.

ఇంకొకటి, నాకు చాలా ఇష్టమైన విషయం. శాస్త్రీయ నామం పక్కన దాన్ని మొదట పెట్టినవారి పేరు, సంవత్సరం రాస్తారు కదా, దర్జీ పిట్ట పేరు పక్కన ‘పెన్నంట్, 1769’ అన్నది బ్రాకెట్లలో ఉంటుంది. ‘సైక్స్, 1832’కు బ్రాకెట్లు ఉండవు. నువ్వు రెండుచోట్లా బ్రాకెట్లు లేకుండానే రాశావు. పెన్నంట్ ఆ పిట్టను మోటసిల్లా ప్రజాతిలో పెట్టాడు, తర్వాతివాళ్లు ఆర్థోటోమస్‌కు మార్చారు. ప్రజాతి మారిందని చెప్పే గుర్తే ఆ బ్రాకెట్. సైక్స్ పిట్ట అతను పెట్టిన ప్రజాతిలోనే ఉంది. ఇంత చరిత్రను రెండు గీతల్లో దాచిపెట్టారు, దాన్ని చెరిపేస్తే ఎలా?

రెండో పేరా తిరగరాసి పంపు. పిట్ట పొట్ట రంగు ఎక్కడా రాయలేదు. వీపు బూడిద, పొట్ట ఎర్రటి పసుపు అయితే బూడిద ప్రినియా. ఒళ్లంతా లేత గోధుమరంగై, కంటిపైన తెల్లటి గీత ఉంటే సాదా ప్రినియా. నీ నోటుబుక్కు చూసి ముందు అది తేల్చు.

మీ పెదనాన్న