పికప్ ఎంత లాగుతుంది, ఎంత మోస్తుంది?

ప్రశ్న: టెక్సాస్‌లో ఉంటున్నాం. మా పికప్ 9,000 పౌండ్లు లాగుతుందని బ్రోషర్‌లో ఉంది. నిండుగా 7,000 పౌండ్లు తూగే క్యాంపింగ్ ట్రైలర్ కొనవచ్చా?

జవాబు: బ్రోషర్ పక్కనపెట్టి డ్రైవర్ తలుపు తీయండి. అక్కడి టైర్ల స్టిక్కర్ మీద మనుషులూ సామానూ కలిపి ఎంత మించకూడదో ఉంటుంది. 1,450 పౌండ్లు అనుకుందాం. ట్రైలర్ బరువులో దాదాపు 13 శాతం, అంటే 910 పౌండ్లు హిచ్ బాల్ (బండి వెనక ట్రైలర్ తగిలించే గుండు) మీద పడుతుంది. నలుగురు మనుషులు 550, ఆ భారాన్ని ఇరుసులన్నిటికీ పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ 80. మొత్తం 1,540. ఐస్‌బాక్స్ ఎక్కించకముందే 90 పౌండ్లు దాటేశారు! లాగే సత్తా మిగిలినా మోసే సత్తా అయిపోయింది. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే.

బాల్ మీద భారం తగ్గిద్దామని సామాను ట్రైలర్ వెనక్కి మాత్రం జరపకండి. 10 శాతం కంటే తగ్గితే హైవే మీద ట్రైలర్ అటూ ఇటూ ఊగి బండినీ ఊపేస్తుంది. 5,500 పౌండ్లది చూసుకోండి, బాల్ మీద 715తో సరిపోతుంది.

ట్రైలర్ బ్రేకులను బండిలోంచి నడిపే బ్రేక్ కంట్రోలర్, ట్రైలర్ వైర్లు తగిలించే 7 పిన్నుల సాకెట్ ఉండాల్సిందే. 4 పిన్నులది లైట్లకే. ట్రైలర్ బ్రేకులకు కరెంటు అందదు. పెద్ద రిసీవర్ (బండి కింద హిచ్ దూర్చే గొట్టం) బిగించినా బండి పరిమితి పెరగదు.