కఫన్ పెట్టెలో ఉంది, అప్పుల పుస్తకం ఎక్కడుంది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా చావు గురించే. షబే బరాత్ రాత్రి ఖబరస్తాన్‌కి (సమాధుల దగ్గరికి) వెళ్లొచ్చాక అందరికీ ఒకేసారి గుర్తొచ్చినట్టుంది. ముందే చెప్పేస్తున్నా, నేను ముఫ్తీని కాను, ఫత్వాలు (మతపరమైన తీర్పులు) ఇవ్వను. చదివిందీ పెద్దల దగ్గర విన్నదీ చెబుతాను. ఆస్తి తగాదా ఉన్నవాళ్లు మీ ఊరి ఆలింనీ (మత పండితుణ్నీ), ఒక వకీలునీ ఇద్దర్నీ కలవండి.

ప్రశ్న: మా నాన్నకు డెబ్భై ఏళ్లు. పోయినేడాది గుండెకు స్టెంట్ వేశారు. హజ్‌కి వెళ్లినప్పుడు జమ్‌జమ్ నీళ్లలో తడిపి ఆరబెట్టి తెచ్చుకున్న గుడ్డను కఫన్ (శవానికి చుట్టే గుడ్డ) కోసమని ట్రంకు పెట్టెలో దాచుకున్నారు. నెలకోసారి తీసి ఎండలో వేస్తారు. ఆ రోజు అమ్మ అన్నం ముట్టదు. ఇంట్లో చావు మాట ఎత్తడమే అపశకునం అంటుంది. ఇద్దరిలో ఎవరిది కరెక్ట్? (ఒక సోదరి, పల్నాడు జిల్లా)

జవాబు: చెల్లెమ్మా, అపశకునం ఏమీ లేదు. ‘సుఖాలను తెగ్గొట్టేదాన్ని ఎక్కువగా తలుచుకోండి’ అని ప్రవక్త (స) చెప్పిన హదీసు (ఆయన మాటలూ పనుల కథనం) తిర్మిజీ సంకలనంలో ఉంది, ఆ తెగ్గొట్టేది చావే. ప్రతి ప్రాణీ చావును చవిచూడాల్సిందేనన్న మాట ఖుర్ఆన్‌లో మూడు చోట్ల వస్తుంది (3:185, 21:35, 29:57). కఫన్ ముందే సిద్ధం చేసుకోవడం కూడా కొత్తేం కాదు. ఒకావిడ తన చేత్తో నేసిన దుప్పటి తెచ్చి ప్రవక్త (స)కు ఇస్తే, ఆయన కట్టుకున్నారో లేదో, ఒకతను అది నాకిస్తారా అని అడిగేశాడు. అడిగితే ఆయన కాదనరని తెలిసీ ఎందుకడిగావని చుట్టూ ఉన్నవాళ్లు కోప్పడితే, కట్టుకోవడానికి కాదు, నా కఫన్ కోసం అన్నాడట. చివరికి అదే అతని కఫన్ అయింది. ఇది బుఖారీ హదీసుల సంకలనంలో ఉంది. అలాగని కఫన్ కొత్తదీ ఖరీదైనదీ కావాలనేం లేదు. మొదటి ఖలీఫా హజ్రత్ అబూబకర్ (ర) తాను కట్టుకున్న పాత బట్టతోనే కప్పమన్నారు, కొత్తది బతికున్నవాళ్లకే ఎక్కువ అవసరం అని.

కాబట్టి మీ నాన్న తప్పేమీ చేయడం లేదు. కానీ ఒకటి అడగాలని ఉంది. ఆ ట్రంకు పెట్టెలో కఫన్ పక్కన అప్పుల పుస్తకం కూడా ఉందా?

ఎందుకు అడుగుతున్నానంటే, మన దగ్గర చావుకు సిద్ధం కావడం అంటే తస్బీహ్ (జపమాల), కఫన్, కన్నీళ్లు, అంతవరకే అనుకుంటున్నాం. హదీసులు తిరగేస్తే లెక్కల గొడవే ఎక్కువ కనిపిస్తుంది. ఒకసారి ఒక జనాజా (పాడె మీద శవం) తెచ్చారు. ‘ఇతనికి అప్పుందా?’ అని ప్రవక్త (స) అడిగారు. మూడు దీనార్లు ఉందన్నారు. తీర్చడానికి ఏమైనా వదిలి వెళ్లాడా అంటే లేదన్నారు. ‘అయితే మీ సహచరుడికి మీరే నమాజు చేసుకోండి’ అన్నారు. అబూ ఖతాదా (ర) ముందుకొచ్చి ఆ అప్పు నాదని ఒప్పుకున్నాకే ఆయన నమాజు చేయించారు. ఆలోచించండి, మూడే దీనార్లు. దైవమార్గంలో ప్రాణమిచ్చిన షహీద్‌కి కూడా అన్నీ మాఫ్ అవుతాయి గానీ అప్పు కాదని ‘ముస్లిం’ అనే సంకలనంలోని హదీసు.

రెండో ఖలీఫా హజ్రత్ ఉమర్ (ర) కత్తిపోట్లతో మంచం మీదున్నప్పుడు కొడుకు అబ్దుల్లాని పిలిచి, నా అప్పెంతో చూడు అన్నారు. లెక్క చూస్తే 86 వేల దాకా తేలింది. ముందు మన కుటుంబం సొమ్ములోంచి, చాలకపోతే ఫలానా వాళ్లని అడిగి తీర్చమని వరస కూడా చెప్పి పోయారు. నాకు ఇంకా నచ్చేది ప్రవక్త (స) సహచరుడు హజ్రత్ జుబైర్ (ర) కథ. ఎవరైనా డబ్బు అమానత్‌గా దాచిపెట్టమని తెస్తే, అలా వద్దు, పోతే మీకు నష్టం, అప్పుగా రాసుకోండి, అప్పుడు బాధ్యత నాది అనేవారట. అలా పెరిగి పెరిగి అది 22 లక్షలైంది. 656లో జమల్ యుద్ధం రోజు కొడుకును పిలిచి, నాకున్న పెద్ద దిగులు నా అప్పే అని చెప్పారు, అదే రోజు పోయారు. ఆస్తులమ్మి అప్పు తీర్చాక కూడా ఆ కొడుకు మిగిలింది వారసులకు పంచలేదు. నాలుగేళ్లు, ప్రతి హజ్ సీజన్‌లో నిలబడి, జుబైర్ దగ్గర ఎవరికైనా బాకీ ఉంటే రండి అని చాటింపు వేసి, ఆ తర్వాతే పంచాడు.

మనమేమో నలభై రోజులు కాకముందే బీరువా తాళాలు అడుగుతాం.

మీ నాన్నను కూర్చోబెట్టి ఒక నోటు పుస్తకం ఇవ్వండి. చేబదులు ఎవరికివ్వాలి, ఎవరి దగ్గర్నుంచి రావాలి, చీటీ ఎన్ని నెలలు కట్టాలి, గోల్డ్ లోన్ ఏ బ్యాంకులో, ఎవరిదైనా కాగితం మన దగ్గరుందా, జకాత్ (ఏటా ఇవ్వాల్సిన తప్పనిసరి దానం) ఏ ఏడాదైనా బాకీ ఉందా. నోటిమాట మీద కొన్న స్థలం ఉంటే అదీ. అప్పు రాసి పెట్టుకోమని చెప్పే ఆయతే (వాక్యమే, 2:282) ఖుర్ఆన్ మొత్తంలో అన్నిటికంటే పొడవైనది, ఆ సంగతి చాలామందికి తెలీదు.

ఇంకోటి, మీ అమ్మ మెహర్ (పెళ్లిలో భర్త భార్యకు ఇస్తానని ఒప్పుకునే సొమ్ము) ఇచ్చేశారా? నికాహ్ రోజు కాగితం మీద రాసి మర్చిపోయిన ఆ మొత్తం భర్తకు అప్పే, ఆయన పోయాక ఆస్తిలోంచి ముందు అది తీరాలి. మన ఊళ్లలో జనాజా లేపేముందు ఆడవాళ్లు భార్యను పట్టుకొచ్చి ‘మెహర్ మాఫ్ చేశానని చెప్పమ్మా’ అంటారు చూడండి, అది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మొగుడి శవం ముందు ఏడుస్తున్న మనిషి ఆ క్షణంలో కాదంటుందా? తమ ఇష్టంతో వదులుకుంటేనే తినండి అని కదా ఖుర్ఆన్ (4:4) చెప్పింది. మీ నాన్నకు చెప్పండి, ఆ డబ్బు ఇప్పుడే, చేతిలో పెట్టి ఇవ్వమనండి. అప్పుడు అమ్మ మాఫ్ చేస్తే అది మాఫ్.

ఆ గుడ్డ మాత్రం అమ్మ బజారుకెళ్లినప్పుడు ఎండలో వేసుకోమనండి, ఏం పోయింది?

ప్రశ్న: నాకు 27. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నాలుగు నెలల కిందట నా రూమ్మేట్ బైక్ యాక్సిడెంట్‌లో పోయాడు. అప్పట్నుంచి రాత్రి రెండింటికి మెలకువ, గుండె దడ. సమాధి శిక్షల వీడియోలు చూస్తూ తెల్లారుతుంది. ఒక్కోసారి ఇప్పుడే పోతే బాగుండు, ఈ టెన్షన్ ఉండదు అనిపిస్తుంది. చావును గుర్తుంచుకోవడం అంటే ఇదేనా?

జవాబు: కాదు తమ్ముడూ. ఇది చావును గుర్తుంచుకోవడం కాదు, చావు నిన్ను పట్టుకుని ఊపడం. తలుచుకుంటే మనిషి లేచి ఏదో ఒకటి సరిచేసుకోవాలి, నీకేమో మంచం దిగబుద్ధి కావడం లేదు. మొదట ఆ వీడియోలు ఆపు. వాటిల్లో చాలావరకు భయపెట్టి వ్యూస్ సంపాదించుకోవడానికి తీసినవే.

కష్టం వచ్చిందని చావు కోరుకోవద్దని ప్రవక్త (స) గట్టిగా చెప్పారు. మరీ తట్టుకోలేకపోతే ‘అల్లాహ్, బతకడం నాకు మేలైనంత కాలం బతికించు, చావు మేలైనప్పుడు తీసుకుపో’ అనమన్నారు. ఆయన పోవడానికి మూడు రోజుల ముందు చెప్పిన మాట ఇంకా నీకు పనికొస్తుంది, మీలో ఎవరూ అల్లాహ్ మీద మంచి ఆశ లేకుండా చనిపోవద్దు అని. నువ్వు చూసే వీడియోల్లో ఈ హదీసు ఎప్పుడైనా విన్నావా? చేతిలో మొక్క ఉండగా ప్రళయమే వచ్చినా, నాటగలిగితే నాటేయమన్న మతం మనది.

రెండోది, డాక్టర్‌ని కలువు, మానసిక వైద్యుడినే. ఈమాన్ (విశ్వాసం) తక్కువై వచ్చిందని ఎవరైనా అంటే వినకు. వైద్యం చేయించుకోండి, ముసలితనానికి తప్ప ప్రతి జబ్బుకీ మందుంది అని హదీసే ఉంది. నీకింకా 27, ముసలితనం సాకు కూడా లేదు. పోతే బాగుండు అనే ఆలోచన మళ్లీ వస్తే ఆ రాత్రికి ఒంటరిగా ఉండకు, ఇంటికో స్నేహితుడికో ఫోన్ చెయ్యి, రెండింటికైనా సరే. మీ రూమ్మేట్ వాళ్ల అమ్మకి కూడా ఓసారి ఫోన్ చెయ్యి, కుదిరితే అతని పేర ఏదైనా సదఖా (దానం) ఇవ్వు.

ప్రశ్న: మేం ముగ్గురు అన్నదమ్ములం, ఇద్దరు అక్కచెల్లెళ్లు. అబ్బా, అమ్మీ నా దగ్గరే ఉంటారు. చూసుకుంటున్నానని ఇల్లు నా పేర వీలునామా రాస్తానంటున్నారు. రాయొచ్చా? (ఒక సోదరుడు, రాయచోటి)

జవాబు: వీలునామా అయితే కుదరదు భాయ్. వసీయత్ (వీలునామా) ఆస్తిలో మూడో వంతుకు మించకూడదు, అది కూడా వారసులు కానివాళ్లకి. సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ (ర) జబ్బుపడి, నాకు ఒక్క కూతురే, ఆస్తిలో మూడింట రెండొంతులు దానం చేసేస్తానంటే ప్రవక్త (స) వద్దన్నారు. సగం అంటే వద్దన్నారు. మూడో వంతు అంటే, సరే, అదీ ఎక్కువే, వారసులను జనం ముందు చేయి చాచేలా వదలడం కంటే ఉన్నవాళ్లుగా వదలడం మేలు అన్నారు. కొడుకు ఎలాగూ వారసుడే కాబట్టి నీ పేర వసీయత్ రాస్తే, మీ అబ్బా పోయాక మిగతా వారసులందరూ ఒప్పుకుంటేనే చెల్లుతుంది. మనం పాటించే హనఫీ ధర్మశాస్త్రం లెక్కా అదే, మన కోర్టుల లెక్కా అదే.

బతికుండగా హిబా (కానుక) చేయొచ్చు, అంటే ఇస్తున్నానని ఆయన చెప్పాలి, నువ్వు తీసుకోవాలి, స్వాధీనం నిజంగా మారాలి. చట్టం ఒప్పుకుంటుంది. కానీ నోమాన్ బిన్ బషీర్ (ర) వాళ్ల నాన్న ఒక్క కొడుక్కే కానుకిచ్చి సాక్ష్యం చెప్పమని వస్తే ప్రవక్త (స) ‘నీ పిల్లలందరికీ ఇలాగే ఇచ్చావా?’ అని అడిగి, లేదంటే సాక్ష్యానికి ఒప్పుకోలేదు. నువ్వు చూసుకుంటున్న మాట నిజమే, ఆ ఖర్చు గురించి అందర్నీ కూర్చోబెట్టి అబ్బా ఉండగానే మాట్లాడుకోండి.

ఏమీ రాయకపోతే ఎలా వస్తుందంటే, అంత్యక్రియల ఖర్చు, అప్పులు, వసీయత్ పోయాక అమ్మీకి ఎనిమిదో వంతు. మిగిలింది ఎనిమిది భాగాలు చేస్తే (తాత, నానమ్మ లేరనుకుంటే) మీ ముగ్గురికీ రెండేసి, అక్కచెల్లెళ్లకి ఒక్కోటి. కట్నం ఇచ్చాం కదా అని ఆడపిల్లల వాటా ఎగ్గొట్టడం మన దగ్గర మామూలైపోయింది, అది నీ ఇంట్లో జరగనివ్వకు. బ్యాంకులో నామినీగా నీ పేరుందని ఆ డబ్బంతా నీది అనుకోకు, నామినీ తీసుకుని వారసులకు పంచాల్సినవాడే.

ప్రశ్న: మా అత్తగారు పోయారు. నలభయ్యో రోజు ఫాతెహాకి (పోయినవాళ్ల పేర దువాకి) ఊరంతా పిలవాలంటున్నారు, లక్షన్నర అప్పు చేయాలి. తప్పదా?

జవాబు: తప్పుతుంది. జియారత్, చాలీస్వా (పోయాక చేసే ఇలాంటి ఫాతెహాలు) చేయొచ్చా లేదా అని ఆలింలలోనే వాదన ఉంది, అందులోకి నేను దిగను. కానీ చనిపోయిన మనిషి అప్పు తీర్చమన్న మతం, ఆ మనిషి పేరు మీద కొత్త అప్పు చేయమనదు. దువా చేయండి, చేతనైనంత సదఖా ఇవ్వండి. బంధువులు నాలుగు రోజులు అనుకుంటారు, అనుకోనివ్వండి.

ప్రశ్న: నేను హిందువుని. మా వీధిలో నలభై ఏళ్ల స్నేహితుడు, భాయ్ అనే పిలిచేవాణ్ని, పోయారు. జనాజా వెంట వెళ్లాను గానీ నమాజు దగ్గర ఏం చేయాలో తెలీక రోడ్డు మీదే నిలబడిపోయాను. తప్పు చేశానా? (ఒక రిటైర్డ్ టీచర్, నల్గొండ)

జవాబు: మాస్టారూ, మీరు చేసిందే మర్యాద. ఒకసారి ఒక యూదుడి శవయాత్ర పోతుంటే ప్రవక్త (స) లేచి నిలబడ్డారు. అది యూదుడిది కదా అంటే, ‘అదీ ఒక ప్రాణమే కదా’ అన్నారు. జనాజా నమాజు నిలబడే చేస్తారు, సజ్దా (నుదురు నేలకు ఆనించడం) ఉండదు, కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. మీరు పక్కన మౌనంగా నిలబడితే చాలు. మోయడానికి భుజం పట్టాలనిపిస్తే వాళ్ల పిల్లల్ని అడగండి, మా వైపు ఎవరూ కాదనరు. సమాధిలో తల ఉత్తరానికి పెట్టడం చూసి మీకు వింతగా ఉండొచ్చు, మన దేశం నుంచి కాబా పడమర కాబట్టి ముఖం అటు తిప్పి కుడివైపుకి పడుకోబెడతారు, అంతే.

ఇప్పటికైనా మీరు చేయగలిగింది ఒకటుంది. ప్రవక్త (స) పెదనాన్న కొడుకు జాఫర్ (ర) ముఅతా యుద్ధంలో పోయిన కబురు వచ్చినప్పుడు, వాళ్లు దుఃఖంలో ఉన్నారు, ఆ ఇంటికి వంట చేసి పంపండి అన్నారు ఆయన. మీ ఇంట్లో ఏది వండితే అది, పప్పూ అన్నం, చారు అయినా సరే, ఓ పూట పంపండి. గిన్నెల కోసం మాత్రం తొందరపెట్టకండి, మా ఇళ్లలో అవి ఖాళీగా తిరిగి రావు, కాస్త టైం పడుతుంది.