పగడాల అక్వేరియంలో తెగులు ఎనిమోన్లు: కోయకండి, గీకకండి

ప్రశ్న: మా 300 లీటర్ల ఉప్పునీటి అక్వేరియంలో పగడాలు పెంచుతున్నాం. కొత్తగా తెచ్చిన లైవ్ రాక్ (సూక్ష్మజీవులు నివసించే సముద్రపు రాయి) మీద గోధుమరంగు పువ్వులాంటి జీవి ఒకటి కనిపిస్తే బ్లేడుతో గీకి తీసేశాం. కొన్ని నెలలకే అదే రాయి మీద ఇరవైకి పైగా పుట్టుకొచ్చాయి. వాటి పక్కనున్న పగడాలు ముడుచుకుపోతున్నాయి. రెండు మూడింటికి మాత్రం కొనలు ఉబ్బి, ఆకుపచ్చగా ఉన్నాయి. వీటిని పూర్తిగా వదిలించుకునే మార్గం తెలుపగలరు.

జవాబు: మీరు రాసిన లక్షణాలను బట్టి మీ తొట్టిలో రెండు రకాల ఎనిమోన్లు (రాళ్లకు అతుక్కుని బతికే, కుట్టే స్పర్శకాలున్న పువ్వులాంటి సముద్ర జీవులు) ఉన్నట్లు తోస్తోంది. సన్నని గోధుమరంగు కాడ, దాని చివర పొడవైన, కొనదేలిన స్పర్శకాలు, దాదాపు గాజులా పారదర్శకంగా కనిపించే ఒళ్లు ఉండి, చెయ్యి దగ్గరికి రాగానే రాతి సందులోకి చటుక్కున ముడుచుకుపోయేది ఐప్టేసియా. పొట్టిగా, బలిష్ఠంగా ఉండి, స్పర్శకాల కొనలు ఉబ్బి ఆకుపచ్చగా మెరిసేది మజానో. చూడముచ్చటగా ఉందని మజానోను కొందరు ఉంచుకుంటారు గానీ, అది కూడా విస్తరించి పగడాలను కుట్టేదే. ఒకదాన్ని తినే జీవి రెండోదాన్ని ముట్టకపోవచ్చు కాబట్టి, ముందుగా ఏ రాయి మీద ఏది ఉందో గుర్తుపెట్టుకోండి.

ఒక్కటి ఇరవై కావడానికి కారణం మీ బ్లేడే. ఐప్టేసియా పాదం నుంచి ఊడిపోయిన చిన్న తునక రాతికి అంటుకొని ఉన్నా, అది కొత్త ఎనిమోన్‌గా ఎదుగుతుంది. ఎవరూ గీకకపోయినా, రాతి మీద పాకేటప్పుడు తన పాదం నుంచి తునకలను తానే వదిలి అది సంతతిని పెంచుకుంటుంది. పైగా దాని కణజాలంలో ఉండే సూక్ష్మ శైవలాలు (నాచు జాతి జీవులు) వెలుతురుతో ఆహారం తయారుచేసి ఇస్తాయి కనుక, మేత తగ్గించినంత మాత్రాన అది చావదు. దీపాలు ఆర్పివేసి చంపాలనుకుంటే ముందు పోయేవి మీ పగడాలే. అయినా మిగిలిపోయిన మేత దానికి అదనపు బలం కాబట్టి, చేపలు రెండు నిమిషాల్లో తినగలిగినంతే వేయడం అవసరం.

విడివిడిగా, చేతికి అందే చోట ఉన్నవాటికి కాల్షియం హైడ్రాక్సైడ్ ముద్ద బాగా పనిచేస్తుంది. పొడిని కొద్దిపాటి మంచినీటిలో పెరుగులా చిక్కగా కలిపి, మొద్దు సూది లేదా సన్నని గొట్టం ఉన్న సిరంజిలోకి తీసుకోండి. చేతికి తొడుగులు, కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి, ఎందుకంటే దాని క్షారగుణం చర్మాన్ని కాలుస్తుంది. నీటి పంపులన్నీ ఆపి, ఎనిమోన్ బాగా విచ్చుకొని ఉన్నప్పుడు, స్పర్శకాల నడుమ కాస్త ఉబ్బెత్తుగా, చీలికలా కనిపించే నోటి మీదికి మెల్లగా ముద్దను వదలండి. మేత అనుకొని అది కొంత మింగుతుంది. ముడుచుకోగానే, అది దూరిన రంధ్రాన్ని కూడా ముద్దతో కప్పేయండి. సుమారు పావుగంట ఆగి, మిగిలిన తెల్లటి ముద్దను గొట్టంతో పీల్చివేసిన తర్వాతే పంపులు వేయాలి. తొందరపడి అన్నింటికీ ఒకేసారి వేస్తే నీటి పీహెచ్ అమాంతం పెరుగుతుంది. మీ తొట్టి పరిమాణానికి ఒక విడతలో మూడు నాలుగింటికి మించవద్దు. పీహెచ్ 8.5 దాటుతుంటే ఆ రోజుకు ఆపండి. మజానోలు రెండు మూడే కాబట్టి వాటికి ఈ పద్ధతి సరిపోతుంది.

రాతి వెనుక, సందుల్లో దాగిన ఐప్టేసియాలకు సిరంజి చేరదు. అక్కడ నా మొగ్గు బెర్గియా అనే పెంకులేని చిన్న సముద్రపు నత్తల వైపే. అవి ఐప్టేసియాను తప్ప మరేదీ తినవు, పగడాల జోలికి పోవు, మజానోను కూడా ముట్టవు. రాత్రిపూట తిరిగే జీవులు కనుక దీపాలు ఆర్పాక, పంపు పీల్చే నోటికి స్పాంజి కట్టి, ఐప్టేసియా పక్కనే రాతి మీద గుంపుగా వదలండి. ఫలితం కనబడడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. సిక్స్‌లైన్ రాస్ వంటి చేపలు, పెప్పర్‌మింట్ రొయ్యలు ఉన్న తొట్టిలో ఈ నత్తలు వాటికే మేతవుతాయి.

పెప్పర్‌మింట్ రొయ్యలు కూడా చిన్న ఐప్టేసియాలను తింటాయి, కానీ అన్ని రొయ్యలూ తింటాయని చెప్పలేం. మేత సమృద్ధిగా దొరికితే అటు చూడనే చూడవు. కొనేటప్పుడు దాన్ని పోలి ఉండి, ఒంటి మీద తెల్లని గీతలు కూడా ఉండే క్యామెల్ రొయ్య రాకుండా చూసుకోండి. అది పగడాలనే తింటుంది. కాపర్‌బ్యాండ్ సీతాకోకచిలుక చేప ఐప్టేసియాను తింటుందన్నది నిజమే గానీ, తొట్టి మేతకు అలవాటుపడక చాలా వరకు చనిపోతుంది. మీ తొట్టికి దాన్ని సిఫారసు చేయలేను.

విసుగెత్తి రాయిని బయటకు తీసి ఉడికించే ఆలోచన మాత్రం చేయవద్దు. దాని మీద జోవాంథిడ్ జాతి పగడాలుంటే పాలిటాక్సిన్ అనే అతి ప్రమాదకరమైన విషం ఆవిరితో గాలిలోకి చేరి, గదిలోని మనుషులకే ప్రాణాపాయం కలిగించవచ్చు. రాగి మందులు కూడా తొట్టిలో వేయరాదు. ఎనిమోన్లతో పాటు పగడాలు, రొయ్యలు, నత్తలు అన్నీ చనిపోతాయి.

ఇకపై కొత్త పగడం తెస్తే, దాన్ని అతికించి ఇచ్చిన అడుగు ముక్కను వీలైనంత వరకు తొలగించి, వేరే తొట్టిలో నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచి, రాత్రి దీపం ఆర్పాక టార్చి వేసి దాని అడుగుభాగాన్ని పరిశీలించాకే ప్రధాన తొట్టిలోకి దించండి. బెర్గియాలు పని ముగించాక వాటికి తిండి ఉండదు కనుక, చివరి ఐప్టేసియా కనుమరుగయ్యే లోపే వాటిని ఇదే బెడద ఉన్న మరొకరికి ఇచ్చేయండి.